ఒంటరివాడికి లండన్‌లో కౌన్సిల్ ఫ్లాట్ వస్తుందా? ఇల్ఫర్డ్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, ఓపికుంటే మిగతాది చదువు. నీకు 38 ఏళ్లు, విడాకులయ్యాయి, పిల్లల్లేరు, ఆరోగ్యం బాగానే ఉంది, తూర్పు లండన్ ఇల్ఫర్డ్‌లో ఒకరి ఇంట్లో గది తీసుకుని ఉంటున్నావు, ఆయన నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఇలాంటి మనిషికి లండన్‌లో కౌన్సిల్ ఫ్లాట్, అంటే స్థానిక కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇల్లు, వచ్చే అవకాశం దాదాపు లేదు. "హోమ్‌లెస్ అని రాయించుకుంటే మూడు నెలల్లో తాళం చేతిలో పెడతారు" అని నీ ఫ్రెండ్ చెప్పాడన్నావు. ఆ మాట నేను వచ్చినప్పుడు కూడా ఉంది. అప్పుడూ చెప్పినవాళ్లెవరికీ ఆ తాళం దొరకలేదు. ఒక్క ఇంగ్లండ్‌లోనే 13 లక్షలకు పైగా కుటుంబాలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి. అందులో పిల్లలున్నవాళ్లు, గర్భిణులు, జబ్బుపడ్డవాళ్లు, ఇంట్లో హింస తట్టుకోలేక బయటికొచ్చినవాళ్లు నీకంటే ముందు. అలా ఉండడమే న్యాయం కూడా.

ఫ్లాట్ రాదంటే సాయమే రాదని కాదు. ఈ రెంటికీ తేడా తెలియకే మనవాళ్లు సగంమంది కౌన్సిల్ గడప తొక్కరు, మిగతా సగం ఫ్లాట్ ఇవ్వలేదని అలిగి వచ్చేస్తారు.

ఇంకో మాట, ఇది చదివే స్టూడెంట్లకీ, గ్రాడ్యుయేట్ వీసా పిల్లలకీ, స్కిల్డ్ వర్కర్లకీ. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయాలు, లేవని రాసి ఉంటే కౌన్సిల్ ఇల్లూ, హోమ్‌లెస్ సాయమూ రెండూ మీకు వర్తించవు. ఎవరో చెప్పారని అప్లికేషన్ పెట్టి వీసాకి ఎసరు తెచ్చుకోకండి. సలహా మాత్రం ఏ వీసా వాళ్లైనా కౌన్సిల్‌ని ఉచితంగా అడగవచ్చు. తమ్ముడికి ఐ.ఎల్.ఆర్., అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది కాబట్టి అతనికి తలుపు తెరిచే ఉంది. రూల్స్ వివరంగా ప్రభుత్వ వెబ్‌సైట్లోనూ, ఇళ్ల సమస్యల మీద పనిచేసే షెల్టర్ సంస్థ సైట్లోనూ ఉన్నాయి, చూసుకోండి. అక్కడ ఉండనివి నేను చెబుతాను.

నేను 2006లో నిపుణులకిచ్చే హెచ్.ఎస్.ఎం.పి. వీసా మీద వచ్చాను. ఇప్పటి పిల్లలకి ఆ పేరు కూడా తెలియదు. కాంట్రాక్టు ఉద్యోగాలు, వారానికో ఊరు. స్ట్రాట్‌ఫర్డ్‌కి దగ్గర్లో ఒక ఇంట్లో గది తీసుకున్నాను. ఓనరు మనవాడే, గుంటూరు వైపు. మనవాడే కదా అని అగ్రిమెంట్ అడగలేదు, అద్దె నోట్లుగా చేతిలో పెట్టేవాణ్ణి, రసీదు అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం. కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాస్ అన్నీ ఆయన పేరు మీదే. నా బ్యాంకు స్టేట్‌మెంట్లు అంతకుముందున్న అడ్రసుకే పోయేవి, మార్చుకోవాలని తోచలేదు. అంటే ఆ ఇంట్లో నేను అన్నేళ్లు ఉన్నట్టు దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

2012లో నా కాంట్రాక్టు పోయింది. అదే ఏడాది ఒలింపిక్స్. ఆటలు స్ట్రాట్‌ఫర్డ్‌లోనే కాబట్టి చుట్టుపక్కల గదుల అద్దెలకి రెక్కలొచ్చాయి. మా ఓనరుకి వారాల లెక్కన అద్దెకిచ్చుకునే ఆశ పుట్టింది. "బావా, ఒక రెండు నెలలు సర్దుకో, తర్వాత మళ్లీ నీకే ఇస్తా" అన్నాడు. నేను మర్యాదస్తుణ్ణి కదా, ఆ శనివారమే సూట్‌కేసు సర్దుకుని వచ్చేశాను. కాగితం మీద ఒక్క లైను రాయించుకోలేదు. తర్వాత ఆ గది నాకు రాలేదు, వస్తుందని నేను తప్ప ఎవరూ అనుకోలేదు కూడా.

అక్కణ్ణించి సోఫాల మీద పడ్డాను. స్లౌలో ఒకడు, మిల్టన్ కీన్స్‌లో ఒకడు, లెస్టర్‌లో మా పిన్ని కొడుకు. భోజనానికి మొహమాటం వేసిన రోజు ఇల్ఫర్డ్ హై రోడ్ మీద గురుద్వారాకి పోయేవాణ్ణి. లంగర్‌లో నీ పేరేంటని కూడా అడగరు, కడుపు నిండా పెడతారు. నీకు నడిచిపోయేంత దూరం, గుర్తుపెట్టుకో.

చివరికి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ చాలా నెమ్మదిగానే అడిగింది. ఎవరు ఖాళీ చేయమన్నారు, నోటీసు ఏదీ? లేదు. ఈ బరోలో, అంటే ఈ కౌన్సిల్ పరిధిలో, ఉన్నట్టు ఏదైనా ఆధారం? లేదు. ఇప్పుడెక్కడ ఉంటున్నారు? లెస్టర్‌లో. అక్కడ ఎన్నాళ్లైనా ఉండనిస్తారా? ఇక్కడ మన పెంపకం అడ్డొచ్చింది తమ్ముడూ. "ఉండనిస్తారండీ, మా సొంతవాళ్లే, చాలా మంచివాళ్లు" అన్నాను. ఉండడానికి చోటుందని నా నోటితో నేనే చెప్పాక ఇక హోమ్‌లెస్ ఎక్కడ? ఆరోగ్యం ఎలా ఉంది అంటే "ఫైన్" అన్నాను. అప్పటికి నిద్రపట్టక డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్రలు జేబులోనే ఉన్నాయి. ఆవిడ హాస్టళ్ల ఫోన్ నంబర్లున్న కాగితం ఒకటి ఇచ్చి పంపించింది. ఆవిడ తప్పేమీ లేదు, నేను చెప్పినదే రాసుకుంది.

ఇంత బతుకులోనూ నేను ఆపనిది ఒకటుంది. హైదరాబాద్ మియాపూర్‌లో కొన్న ఫ్లాట్ ఈఎంఐ. సోఫా మీద పడుకుని, మార్కెట్లో సాయంత్రం మిగిలిన కూరగాయలు కొనుక్కుంటూ, ఒకటో తారీకు రాగానే ఇండియాకి డబ్బు పంపేవాణ్ణి. మియాపూర్‌లో నా ఫ్లాట్‌లో ఎవరో హాయిగా సంసారం చేసుకుంటున్నారు, నేను ఇక్కడ గదికి డిపాజిట్ కట్టలేక తిరుగుతున్నాను. ఆపితే ఊళ్లో పరువు పోతుందని మా నాన్న భయం, నా భయం ఇంకా ఎక్కువ. నువ్వు కూడా నీ ఉత్తరంలో హైదరాబాద్ ఫ్లాట్ ఒకటుందని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను.

బయటపడింది ఎలాగంటే, స్నేహితుల మధ్య వేసుకున్న చీటీ ఒకటి ఉండేది, బాగా నష్టానికి పాడుకుని ఎత్తేశాను. నాన్నతో గట్టిగా మాట్లాడి ఈఎంఐ కొన్నాళ్లు వాయిదా వేయించాను. ఆ డబ్బుతో పశ్చిమ లండన్ హౌన్స్‌లోలో గదికి డిపాజిట్, మొదటి నెల కట్టాను, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేశాను. ఎం.టెక్. చదివినవాడు పెట్టెలు మోయడమా అని నవ్విన వాళ్లున్నారు. నవ్వనీ. ఈరోజు అదే హౌన్స్‌లోలో నాకు సొంత ఇల్లుంది, నవ్వినవాళ్లలో ఒకడు మొన్న మార్ట్‌గేజ్ సలహాకి నాకే ఫోన్ చేశాడు.

సరే, నీ సంగతి. నా కంటే నువ్వు నయం, ఎందుకంటే 2018 ఏప్రిల్ నుంచి చట్టం మారింది. 56 రోజుల్లోపు ఇల్లు పోయే ప్రమాదముంటే, నువ్వు పైన చెప్పినవాళ్లలా ప్రాధాన్యమున్న మనిషివైనా కాకపోయినా, ఐ.ఎల్.ఆర్. లాంటి అర్హత ఉంటే చాలు, కౌన్సిల్ నీ కేసు తీసుకుని, ఆ ఇల్లు పోకుండా ఆపడానికి ప్రయత్నించాలి. పోయాక ఇంకో 56 రోజులు వేరే చోటు దొరికేలా సాయం చేయాలి. నీ పేరున ఒక ప్లాన్ రాసి ఇస్తారు. ఆ ప్లాన్‌లో ఫ్లాట్ ఉండదు. ఓనరుతో మాట్లాడడం, ప్రైవేటు గది వెతకడం, కొన్నిచోట్ల డిపాజిట్‌కి సాయమో అప్పో, ఇలాంటివి ఉంటాయి. ఆ డిపాజిట్ సాయం కోసమే నువ్వు వెళ్లాలి. గది పోయాక కాదు, ఈ వారమే.

వెళ్లేముందు ఓనరు దగ్గర కాగితం రాయించుకో. నువ్వు ఆయన ఇంట్లోనే, ఆయన వంటింట్లోనే వండుకుంటున్నావు కాబట్టి లాడ్జర్‌వి. నిన్ను పంపడానికి ఆయనకి కోర్టు అక్కర్లేదు, సబబైన గడువిస్తే చాలు, నెలవారీ అద్దె అయితే మామూలుగా ఒక నెల. 2026 మే 1 నుంచి, కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసులు ఉండవని వాట్సాప్‌లో చూసి సంబరపడకు, అది టెనెంట్లకి, నీకు కాదు. కాగితంలో తేదీ ఉండాలి, ఖాళీ చేయమని ఆయన అన్నట్టు ఉండాలి. మొహమాటపడి నువ్వే ముందు వెళ్లిపోతే, కావాలని ఇల్లు వదులుకున్నావా అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం కష్టం.

బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీపీ (మీ ఏరియా డాక్టరు) రిజిస్ట్రేషన్, జీతం స్లిప్పులు, ఆ అడ్రసుకి వచ్చిన ప్రతి ఉత్తరం ఒక ఫైల్లో పెట్టు. గత 12 నెలల్లో 6 నెలలు గానీ, 5 ఏళ్లలో 3 ఏళ్లు గానీ ఆ బరోలో ఉన్నట్టు చూపగలిగితే హోమ్‌లెస్ కేసుకి అక్కడి మనిషివని ఒప్పుకుంటారు. ఫ్లాట్ల లిస్టుకి లండన్‌లో చాలా బరోలు ఇంకా ఎక్కువ ఏళ్లు అడుగుతాయి. లిస్టులో పేరు పెట్టించుకో, తప్పులేదు, పెట్టించుకుని మర్చిపో. ఒక పడకగది ఫ్లాట్లు తక్కువ, మాకు కావాలని వాటికి బిడ్డింగ్ చేసేవాళ్లు బోలెడు, అవసరాన్ని బట్టి ఇచ్చే నీ బ్యాండ్ అడుగున ఉంటుంది.

మాత్రలు ఏవైనా వాడుతుంటే కౌన్సిల్‌కి చెప్పు. విడాకుల తర్వాత నిద్ర పట్టడం లేదన్నావు, అది జీపీకి చెప్పావా? ఇల్లు లేకపోతే మామూలు మనిషి కంటే నువ్వు ఎక్కువ దెబ్బతింటావా అన్నదే అక్కడ ప్రాధాన్యానికి కొలత, 2015లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఒట్టి టెన్షన్ అంటే సరిపోదు, డాక్టరు కాగితం కావాలి. లేనిది కల్పించకు, అబద్ధం చెబితే అది నేరం.

ఇక హైదరాబాద్ ఫ్లాట్. నువ్వు భయపడి దాచేస్తావని తెలుసు, దాచకు. యూకేలో గానీ ఇంకెక్కడైనా గానీ ఉండడానికి చోటు లేనివాడే హోమ్‌లెస్ అని చట్టంలోనే ఉంది. అందుకే అడుగుతారు. అద్దెకిచ్చి ఉంటే ఆ అగ్రిమెంట్ చూపించు, ఖాళీగా ఉంటే ఎందుకు వెళ్లి ఉండలేవో చెప్పు. తక్కువ ఆదాయమున్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కి అసలు చిక్కు ఇదే. పొదుపూ ఆస్తీ కలిపి 16,000 పౌండ్లు దాటితే ఒక్క పెన్నీ రాదు, ఇండియా ఫ్లాట్ కూడా, దాని మీద అప్పు తీసేసి, ఆ లెక్కలోకి వస్తుంది. కాగితం మీద నువ్వు ఆస్తిపరుడివి తమ్ముడూ, జేబులో ట్యూబ్ టికెట్‌కి డబ్బుల్లేకపోయినా. క్రెడిట్ వస్తే మాత్రం 35 దాటినవాడివి కాబట్టి అద్దె సాయం ఒక పడకగది రేటున లెక్కిస్తారు. ఆ రేట్లు 2024 ఏప్రిల్‌లో పెంచి అక్కడే ఆపేశారు, లండన్ అద్దెలు ఆగలేదు.

స్కాట్లండ్ గురించి అడిగావు. నిజమే, అక్కడ ప్రాధాన్యం ఉందా లేదా అన్న పరీక్ష 2012 చివర్లోనే తీసేశారు, ఒంటరివాడికైనా హక్కుంది. అయితే గ్లాస్గో, ఎడిన్‌బరో రెండూ 2023లో హౌసింగ్ ఎమర్జెన్సీ ప్రకటించాయి. హక్కు ఉండి కూడా టెంపరరీ గదిలో చాలాకాలం గడపాల్సి రావచ్చు. అక్కడ ఉద్యోగం దొరికితే వెళ్లు. ఫ్లాట్ కోసమే అంటే, ముసురు పట్టిన ఊళ్లో తెలిసినవాడు ఒక్కడూ లేకుండా ఉండగలవా అని నీకు నువ్వే లెక్కేసుకో. లండన్ వదలడానికి సిద్ధపడితే ఇంగ్లండ్ ఉత్తరాన, డిమాండ్ తక్కువున్న ఊళ్లలో లాభం చూసుకోకుండా ఇళ్లు అద్దెకిచ్చే హౌసింగ్ అసోసియేషన్లు ఒంటరివాళ్లకి కూడా ఇళ్లిస్తాయి, అక్కడ అద్దె కూడా మోయగలిగేలా ఉంటుంది.

నీ ఉత్తరంలో నాకు ఇంకా అందనివి డబ్బు సంగతులే. హైదరాబాద్ ఫ్లాట్ ఎవరి పేరున ఉంది, అద్దె ఎంత వస్తోంది, ఈఎంఐ ఎంత పోతోంది, అప్పు ఇంకా ఎన్నేళ్లుంది, ఇక్కడి బ్యాంకులో నీ దగ్గర ఎంత ఉంది? రెండు నెలల గది అద్దెకీ డిపాజిట్‌కీ సరిపడా ఇక్కడ లేకపోతే ఈ నెల ఇండియాకి పంపకు, అమ్మానాన్నలకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఈ అయిదింటికీ అంకెలతో జవాబు రాయి, అప్పుడు ఏ ప్రాంతంలో గది వెతకాలో చెబుతాను.