మొదటి గన్ కొనేముందు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది, ఆ గన్ షాపులో నిన్ను ఎంత చిన్నచూపు చూశారో. "ఏం కావాలో తెలుసుకుని రండి" అన్నాడట! తెలుసుకోవడానికే కదా నువ్వు వెళ్లింది.

నాకూ ఇదే జరిగింది. ఇక్కడే టెక్సస్‌లో, మా గ్యాస్ స్టేషన్‌లో దొంగలు పడ్డాక మొదటిసారి పిస్టల్ కొనడానికి వెళ్లాను. ప్రశ్న నేనడిగితే కౌంటర్ వెనకున్నతను జవాబు మీ పెదనాన్నకు చెప్పాడు. చివరికి ఓ బుల్లి గులాబీ రంగు పిస్టల్ నా చేతిలో పెట్టి, ఆడవాళ్లకు ఇదే సుఖం అన్నాడు. మొహమాటపడి ఇంకేమీ అడగకుండా కొనేశాను. కాల్చాక తెలిసింది. అదే తూటాకి బరువైన పిస్టల్ కన్నా తేలికైనదే చేతిని గట్టిగా తంతుంది. స్ప్రింగ్ ఎంత బిగుతంటే, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగడానికి నా బలం చాలలేదు. బొటనవేలి మొదట్లో వాచిపోయి, రెండోసారికే దాన్ని పెట్టెలో పడేశాను.

అందుకే మొదటి రోజే కొనకు. ముందు బిగినర్ క్లాసుకి వెళ్లు. కాల్చి చూసే చోటు, అంటే రేంజ్ ఉండి, గన్స్ అద్దెకిచ్చే షాపు వెతుక్కో. నాలుగైదు రకాలు కాల్చి చూస్తే ఏది కుదురుతుందో నీ చేతికే తెలుస్తుంది. శనివారాలు రద్దీ, వారం మధ్య రోజుల్లో పొద్దున్నే వెళ్లు. "ఇది నా మొదటి గన్" అని ముందే చెప్పు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

షాపువాడి మాటల కన్నా చేతులు గమనించు. తూటాలుండే మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి నిలిపి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని తను చూసుకుని, నీకూ చూపించి అప్పుడు ఇవ్వాలి. అలా చేయకపోయినా, గొట్టం మనుషుల వైపు తిప్పినా ఆ షాపులో ఇంకో నిమిషం ఉండకు. ఖాళీ అని చూశాక కూడా నిండుగా ఉన్నట్టే పట్టుకో. వేలు ట్రిగ్గర్ మీద వద్దు, పక్కన చాపి ఉంచు.

గన్ కొనేటప్పుడు షాపులో ఇచ్చే ఫెడరల్ ఫారం 4473ని తొందరపడకుండా చదివి నింపు. నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఒక్కోసారి "డిలే" అని, అంటే ఆగమని వస్తుంది, టెన్షన్ పడకు. హెచ్‌-1బి మీదున్న తమ్ముడి సంగతి వేరు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే వాడు కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడమూ నేరమే. వాడి కోసం నీ పేరు మీద అస్సలు కొనకు. షాపువాడు ఏం కాదులే అన్నా వినకు.

పిస్టల్‌తో పాటు తాళం ఇవ్వాలని ఫెడరల్ చట్టమే ఉంది. ఇవ్వకపోతే అడుగు. అయినా బాబు ఇప్పుడు కుర్చీలెక్కి అల్మారాలు తీస్తున్నాడు. సేఫ్ కొని బిగించిన తర్వాతే గన్ ఇంటికి రావాలి.

బుధవారం నాకు ఖాళీ, నీతో వస్తాను. పక్కన నిలబడతాను గానీ ప్రశ్నలన్నీ నువ్వే అడగాలి.

మీ పెద్దమ్మ