నిర్ణయం పనిబల్ల దాకా చేరాలంటే

ప్రశ్న: పలాసలోని ఒక జీడిపప్పు పరిశ్రమలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ముక్క తగ్గించి, విరగని పప్పు వాటా పెంచాలని మా యాజమాన్యం నిర్ణయించి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గోడకు లక్ష్యాల పట్టిక కూడా అంటించాం. మొదటి నెల బాగానే సాగింది కాని, తరువాత వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: మీ దగ్గర పొట్టు తీసే మహిళలకు కూలి ఎలా లెక్కగడుతున్నారో ముందు చూడండి. తీసిన కిలోలను బట్టే ఇస్తున్నట్లయితే, పట్టిక నిదానంగా తీయమంటోంది, కూలి లెక్క త్వరగా తీయమంటోంది. ఇల్లు గడుపుకోవలసిన మనిషి రెండో మాటే వింటుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. మంచి ప్రణాళికలు ఎక్కువగా నీరుగారిపోయేది ఇక్కడే. పనివారికి శ్రద్ధ లేదని నిందించే ముందు, విరగని పప్పుకు కిలోకు కొంత అదనంగా ఇచ్చేలా రేటు మార్చమని యజమానిని ఒప్పించండి. విరగని పప్పుకూ ముక్కకూ బజారులో ఉన్న ధర తేడాను లెక్కగట్టి చూపిస్తే ఆయన కాదనరనే నా నమ్మకం.

ఇక, పప్పు ఒక్కచోటే విరగదు. ఉడికించిన పిక్కలను సరిగా ఆరనివ్వకుండా పంపితే, పెంకు పగలగొట్టే కటింగులో పప్పు దెబ్బతింటుంది; డ్రయ్యరులో మరీ ఎండితే పెళుసెక్కి పొట్టు తీసేటప్పుడు విరుగుతుంది; తేమ మిగిలితే పొట్టు ఊడక, కత్తితో గీకేసరికి గాటు పడుతుంది. నెలాఖరు లెక్కలో ఇవన్నీ కలిసి ఒకే అంకెగా కనబడతాయి కనుక, ఆ నష్టం తనదని ఏ విభాగమూ అనుకోదు. ఆర్థిక ఫలితాలు జరిగిపోయినదాన్నే చెబుతాయని, వాటితోపాటు లోపలి పనితీరునూ కొలవాలని మేనేజిమెంటు నిపుణులు రాబర్ట్ కప్లాన్, డేవిడ్ నార్టన్ 1992లో ప్రతిపాదించింది ఇందుకే. రోజూ ఒక 80 కిలోల బస్తాను విడిగా నడిపించి, కటింగు తరువాత, డ్రయ్యరు తరువాత, పొట్టు తీశాక ఎంత ముక్క వచ్చిందో తూచి, ఆ విభాగంవారి చేతనే బోర్డుమీద రాయించండి. అంకె పెరిగిన రోజున కారణం అడగండి కాని కేకలేయకండి. కేకలేస్తే మర్నాటినుంచి తప్పు లెక్కలు వస్తాయి.

మొదటి నెల బాగా సాగడానికి కారణం బహుశా పెద్దల కన్ను పనిమీద ఉండటమే. అందుచేత వారానికొకసారి, పని మొదలయ్యే ముందు పావుగంట ఆ బోర్డు దగ్గర అందరూ నిలబడి మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. దసరా, దీపావళి ఆర్డర్ల ఒత్తిడిలో ముందుగా ఆగిపోయేది ఈ తూకమే కాబట్టి, ఆ రోజుల్లో సైతం ఎన్ని డబ్బాలు వెళ్లాయని అడిగే ముందు బోర్డుమీది అంకె అడుగుతానని యజమాని దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి.