ఆటలతో బుద్ధులొస్తాయా? ఆడించే మేస్టారిని బట్టి

"బాబుని ఆరో తరగతిలో వేయాలి. ఆటలు బాగా ఆడించే బడిలో వేస్తే క్రమశిక్షణ, నిజాయితీ వస్తాయంటున్నారు, నిజమేనా?" అని మీరు అడిగారు. నా మటుకు నేను ఘంటాపథంగా చెబుతాను, ఉత్త ఆటకి అంత శక్తి లేదు. దొంగాట నేర్చుకున్నవాళ్ళు కూడా గ్రౌండ్‌లోనే నేర్చుకున్నారు.

నేను శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. ఏటా గ్రిగ్స్ పోటీలు, అంటే బడుల మధ్య ఆటల పోటీలు, వచ్చేవి. అండర్-14 కబడ్డీలో మా జట్టు మొత్తం ఒక్కడి మీద నడిచేది. వాడు కూతకెళ్తే ఇద్దరినైనా తాకకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. పోటీలకి పేర్లు పంపేటప్పుడు పీఈటీ సారు, అదే మా వ్యాయామ మేస్టారు, అడ్మిషన్ రిజిస్టర్ తీసి చూస్తే వాడికి వయసు రెండు నెలలు ఎక్కువైంది. అంతే, పేరు కొట్టేశారు.

ఊళ్ళో పెద్ద గొడవ. ఓ పెద్దమనిషి బడికే వచ్చేశాడు. "మేస్టారూ, రెండు నెల్లకేటైపోద్ది? అవతలోళ్ళు మీసాలోళ్ళని దించుతున్నారు కదా!" అన్నాడు. సారు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. "దించనీండి. ఈ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేను" అన్నారు.

ఆ పెద్దమనిషి మాట అబద్ధమేం కాదు. పోటీ రోజు అవతలి జట్టులో ఒకడి పైపెదవి మీద పచ్చిగా బ్లేడు గాటు ఉంది. పొద్దున్నే గీయించి తీసుకొచ్చారన్నమాట! మేం ఏడుగురం వాడి భుజాల దాకా కూడా లేం. మావాడేమో గీత బయట సున్నం డబ్బా పక్కన నిలబడి "ఎడమ కాలురా, ఎడమ కాలు!" అని ఒకటే అరుపు. ఆ మీసాలవాడు లోపలికి రాగానే ముందు ఎడమ కాలు చాపుతాడని వాడు బయట నుంచే కనిపెట్టాడు. మా కార్నర్ కుర్రాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు, మిగతావాళ్ళం మీద పడ్డాం. ఆ ఒక్క పట్టు తప్ప మాకు దక్కిందేం లేదు. రెండుసార్లు జట్టు మొత్తం ఔటై లోనా ఇచ్చుకుని ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు సారుని తిట్టుకోనివాడు లేడు, నాతో సహా. ఆ తర్వాత మావాణ్ణి అండర్-17లో దింపారు. అక్కడ అందరికన్నా వాడే చిన్న. పాపం, కూతకెళ్ళి నడిగీత దాకా తిరిగొచ్చిన గుర్తే లేదు నాకు.

అదే ఆట, అదే సున్నం గీతలు. ఆ మీసాలవాడు మాత్రం కప్పు ఇంటికి పట్టుకెళ్ళాడు. వాడికి వాళ్ళ మేస్టారు ఏం నేర్పినట్టు? పిల్లలు మైకులో ఉపన్యాసాలు వినరండీ, సారు సంతకం ఎక్కడ పెట్టాడో, ఎక్కడ పెట్టలేదో చూస్తారు. మాకు ఆ రోజు ఒళ్ళు మండింది గానీ, మా బ్యాచ్‌లో ఆ మేస్టారిని ఇప్పటికీ "సారు" అనే అంటారు, మిగతా మేస్టార్లకి నిక్‌నేమ్‌లున్నాయి.

మా ఉత్తరాంధ్రలో వ్యాయామ మేస్టారంటే ఒకప్పుడు ఆ గౌరవమే వేరు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడంతటివాడు విజయనగరంలో బడిపిల్లలకి డ్రిల్లు నేర్పినవాడే. ఇప్పుడు పీఈటీ అంటే మధ్యాహ్న భోజనం దగ్గర లైను సరిచేసేవాడు, ఆగస్టు 15కి మార్చ్ చేయించేవాడు. ఆయన పీరియడ్ వచ్చేసరికి లెక్కల సారు చాక్‌పీసుతో గుమ్మంలో రెడీ, "సిలబస్ అవలేదు" అంటూ. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. హైదరాబాద్‌లో మా పాప బడికి ఉన్నది సెల్లార్, అందులో టీచర్ల స్కూటర్లు. కానీ బ్రోచర్‌లో మాత్రం "క్రీడాస్ఫూర్తి" అని బంగారు అక్షరాలు!

ఇంకోటి. అందరూ క్రికెట్ అకాడమీలంటారు గానీ, బుద్ధి నేర్పే ఆట కావాలంటే ఖోఖో ఆడించండి. వెనక నుంచి "ఖో" వినపడే దాకా లేవకూడదు, లేస్తే ఫౌల్. పక్కనుంచి ఎదుటివాడు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పరిగెత్తిపోతుంటాడు, అయినా గొంతుక్కూర్చుని ఉండాలి. పన్నెండేళ్ళ పిల్లాడికి అంతకన్నా కష్టమైన పని నాకు తెలిసి లేదు. ఖర్చంటారా, రెండు స్తంభాలు, కాస్త సున్నం.

ఇక మీ బాబు సంగతి. బడి చూడ్డానికి వెళ్తే కప్పులున్న అద్దాల బీరువా దగ్గర ఆగకండి. టైమ్‌టేబుల్ చూపించమనండి. ఆటల పీరియడ్ పదో తరగతికి కూడా ఉందా, ఉంటే పోయిన వారం ఆ గంటలో ఏం చేశారు అని అడగండి. చాలామంది అక్కడే నీళ్ళు నములుతారు.