టికెట్ బుక్ చేస్తాం, పోలీసులూ బుక్ చేస్తారు: రెండూ ఒకే మాటేనా?

ఒకే మాటండీ. కొందరు అనుమానపడేట్టు ఈ రెండు 'బుక్ చేయడాలూ' వేర్వేరు క్రియలు కావు. రెండు చోట్లా అసలు పని పుస్తకంలో పేరెక్కించడమే.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జిలో కొన్నేళ్లు రిసెప్షన్‌లో పనిచేశాను. "రూమ్ బుక్ చేసినాం సామీ" అంటూ ఎవరొచ్చినా ముందు బయటికి తీసేది లావుపాటి రిజిస్టరే. పేరు, ఊరు, ఎంతమంది, సంతకం. రైళ్లు రాకముందు ఇంగ్లండులో గుర్రపు బండ్ల ఆఫీసుల్లోనూ ఇదే పద్ధతి. పుస్తకంలో పేరు రాయించుకుంటే సీటు ఖాయం. 1830ల్లో థామస్ ఎడ్మండ్‌సన్ అనే రైల్వే ఉద్యోగి ముందే అచ్చేసిన అట్ట టికెట్లు తెచ్చాక ఒక్కొక్కరికీ చేత్తో రాసే బాధ తప్పింది. అయినా 'బుకింగ్ ఆఫీస్' అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మూడొందల దర్శనం టికెట్ ఫోన్లోనే తీసుకుంటున్నాం, పుస్తకం ఎక్కడా లేదు, మాట మాత్రం అదే.

ఇంకా వెనక్కి పోతే, పాత ఇంగ్లీషులో 'బోకియన్' అంటే రాతపత్రంతో భూమి ఇవ్వడం. మన పట్టా లాంటిదన్నమాట.

పోలీసుల సంగతీ అంతే, స్టేషన్ పుస్తకంలో పేరెక్కుతుంది. ఫుట్‌బాల్‌లో రిఫరీ ఆటగాణ్ణి బుక్ చేశాడంటే జేబులోని చిన్న పుస్తకంలో పేరు రాసుకున్నాడని. తప్పు చేసిన ఆటగాడికి హెచ్చరికగా చూపే పసుపు కార్డు 1970 ప్రపంచకప్‌తోగానీ రాలేదు, రాసుకోవడం అంతకుముందు నుంచే ఉంది.

వాడుకలో ఒక తేడా గమనించండి. మనం "కేసు బుక్ చేశారు" అంటాం. ఇంగ్లండులో అయితే బుక్ అయ్యేది మనిషి, కేసు కాదు. కేసుకైతే 'రిజిస్టర్' అనడం మేలు.

ఇక "బుక్కైపోయినాన్రా" అనేది పూర్తిగా మన సొత్తు. ఇరుక్కున్నాననే ఈ అర్థం పోలీసుల వాడుక నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే చిక్కే. మా లాడ్జిలో ఒక కుర్రాడు పని ఒత్తిడిలో ఒక విదేశీ అతిథితో "ఐ యామ్ బుక్డ్" అన్నాడు. ఆయన పాపం వీడికి వేరే పనులున్నాయనుకుని, సరే రేపు కలుద్దామని వెళ్లిపోయాడు. ఇరుక్కున్నానని చెప్పాలంటే "ఐ యామ్ స్టక్" అనండి, చాలు.