పేరు పక్కన మూడు అక్షరాలు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఫొటోగ్రఫీ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. సినిమా కెమెరా దగ్గరికే వెళ్తానని పట్టుబట్టింది. టైటిల్స్‌లో కొందరు కెమెరామన్ల పేరు పక్కన ఐఎస్‌సి అనీ, ఇంగ్లిష్ సినిమాల్లో ఏఎస్‌సి అనీ వేస్తారు కదా, అది ఏ కోర్సు? ఎన్నేళ్లు? ఫీజు ఎంతో తెలిస్తే ఇప్పట్నుంచే కూడబెడతాం. ఆ అక్షరాలుంటే ఆడపిల్లకి కాస్త అండగా ఉంటుందని నా ఆశ.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ అక్షరాల కోసం మీరు రూపాయి కూడా దాచనక్కర్లేదు. అది కోర్సూ కాదు, డిగ్రీ కాదు. ఏఎస్‌సి అంటే అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్. ఐఎస్‌సి అంటే మన దేశంలో ఉన్న ఇండియన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్. ఆ మనిషి ఆ సంఘంలో సభ్యుడని చెప్పే గుర్తు అది, అంతే. ఆర్. రత్నవేలు గారి పేరు పక్కన ఐఎస్‌సి చూసే ఉంటారు. సంతోష్ శివన్ గారి పేరు పక్కన రెండూ ఉంటాయి. 2012లో అమెరికా వాళ్లు ఆయన్ని తమ సంఘంలోకి పిలిచారు.

'పిలిచారు' అని కావాలనే రాశాను. ఏఎస్‌సిలోకి వాళ్లు రమ్మంటేనే వెళ్లాలి. ఇప్పటికే సభ్యులైన వాళ్లలో కనీసం ముగ్గురు 'ఈ మనిషి పని మాకు తెలుసు' అని సిఫారసు చెయ్యాలి. ఆ తర్వాత కమిటీ కూర్చుని పని చూస్తుంది, మనిషితో మాట్లాడుతుంది. సాటి పనివాళ్లు మాట ఇచ్చి పూచీ పడడమన్నమాట. నా దృష్టిలో అవార్డు కన్నా అదే పెద్దది.

ఆ సంఘం ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. 1913లో న్యూయార్క్‌లో ఒకటి, లాస్ ఏంజెలెస్‌లో ఒకటి కెమెరామన్ల క్లబ్బులు మొదలయ్యాయి. రెండో దాని పేరు స్టాటిక్ క్లబ్. పొడి గాలిలో ఫిల్మ్ కెమెరాలో రాసుకుంటూ తిరిగితే దాని మీద కరెంటు పుడుతుంది, స్టాటిక్ అంటే అదే. చిన్న నిప్పురవ్వలు లేస్తాయి. కడిగి చూస్తే బొమ్మ మీద ఎండుకొమ్మల్లా, మెరుపుతీగల్లా గీతలు పడి ఉంటాయి. ఒక్కడి వల్ల తెమలని చిక్కు అది. అందుకే అందరూ ఒకచోట కూర్చున్నారు. నిన్నటిదాకా తన కిటుకు పక్కవాడికి చెప్పని మనుషులు 'నాకిలా అయింది, నేనిలా చేశాను' అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ రెండు క్లబ్బుల వాళ్ల చొరవతోనే 1919లో హాలీవుడ్‌లో పదిహేను మందితో ఏఎస్‌సి ఏర్పడింది.

ఆ గీతలు నేను కళ్లారా చూశాను. 1980ల్లో మద్రాసులో కెమెరా అసిస్టెంట్‌గా ఉండగా ఒక పాట కోసం జనవరిలో రాజస్థాన్ వెళ్లాం. అప్పట్లో వెయ్యి అడుగుల రోల్ తెచ్చుకుని, కెమెరా మ్యాగజైన్లకు, అంటే కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బాలకు, సరిపోయేలా నాలుగొందల అడుగుల చొప్పున చీకట్లో విడగొట్టుకునేవాళ్లం. లాడ్జి బాత్‌రూమ్ కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, తలుపు సందులో తువ్వాలు కుక్కి పనిలో దిగాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తొందరగా తెమల్చాలని చుట్టే పిడిని గబగబా తిప్పాను. ఆ కటిక చీకట్లో ఫిల్మ్ అంచున నీలంగా ఏదో చిటచిటలాడింది. కళ్లు చెదిరాయేమో అనుకున్నాను. పది రోజుల తర్వాత ల్యాబ్ నుంచి కబురొచ్చింది. రష్‌లు, అంటే కడిగిన ఫిల్మ్ తొలి ప్రింట్లు, వేసి చూస్తే హీరోయిన్ ముఖం మీదుగా చెట్టుకొమ్మలు.

మా కెమెరామన్ గారు నిర్మాత ముందు నా పేరు ఎత్తలేదు. 'గాలి పొడిగా ఉంది, నేను చూసుకోవలసింది' అని తన మీద వేసుకున్నారు. బయటికొచ్చాక నాతో ఒక్కటే అన్నారు: 'ఉత్తరాదికి వెళ్లే యూనిట్ ఏదైనా సరే, అసిస్టెంట్‌ని కలిసి, నెమ్మదిగా చుట్టమని చెప్పు.' వెళ్లి చెప్పాను. ఒక్కొక్కరికీ చెప్పాను. ఆయన ఏ సొసైటీలోనూ లేరు. ఐనా సొసైటీ అంటే ఏమిటో నాకు తెలిసింది ఆయన దగ్గరే.

ఇక అండ సంగతి. అమ్మాయి తెలుగు సినిమాల్లో పనిచెయ్యాలంటే ముందు కావలసింది హైదరాబాద్‌లోని సినిమాటోగ్రాఫర్ల సంఘం కార్డు. జీతం, పని గంటలు, గొడవలు అలాంటి సంఘాలు చూసుకుంటాయి. సొసైటీ పని అది కాదు. అమెరికాలోనూ యూనియన్ వేరు, ఏఎస్‌సి వేరు. కార్డు ఫీజు, నిబంధనలు నేరుగా సంఘంలోనే కనుక్కోండి, మధ్యవర్తుల్ని నమ్మకండి.

ఆడపిల్ల అన్నారు. ఏఎస్‌సిలోకి మొదటి మహిళ బ్రయాన్ మర్ఫీ వచ్చేసరికి 1980. అంటే సంఘం పెట్టిన 61 ఏళ్లకి. ఆ ఆలస్యం తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఐతే మన మద్రాసులో బి.ఆర్. విజయలక్ష్మి గారు 1985కే సొంతంగా సినిమాకి కెమెరా పట్టారు. 2017 నుంచి ఇండియన్ విమెన్ సినిమాటోగ్రాఫర్స్ కలెక్టివ్ ఉంది. మీ అమ్మాయి ముందు వాళ్ల పని చూడాలి, వాళ్లకి రాయాలి. తోటి ఆడపిల్లలు పదిమంది తెలిసి ఉండడం పేరు పక్కన అక్షరాలకన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది.

ప్రశ్న: నేను అసిస్టెంట్ కెమెరామన్‌ని. రాత్రి రెండింటికి ప్యాకప్, పొద్దున్నే ఆరింటికి మళ్లీ కాల్. ఇంటికి బైక్ మీద వెళ్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. పెద్దవాళ్ల సొసైటీలకు మా నిద్ర సంగతి పట్టదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, పట్టినవాడు ఒకాయన ఉండేవాడు. 1997లో అమెరికాలో ఒక కెమెరా అసిస్టెంట్ 19 గంటల షూటింగ్ ముగించి ఇంటికి కారు నడుపుతూ నిద్రలోకి జారిపోయి చనిపోయాడు. ఏఎస్‌సి సభ్యుడు హాస్కెల్ వెక్స్‌లర్‌కి అప్పటికే రెండు ఆస్కార్లు, వయసు 75. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. కానీ 'పన్నెండు గంటలు పని, పన్నెండు గంటలు విశ్రాంతి' అని వదలకుండా పోరాడాడు. దాని మీద 2006లో డాక్యుమెంటరీ కూడా తీశాడు.

నేను కెమెరామన్‌నయ్యాక ప్యాకప్ చెప్పించగలిగి కూడా 'ఇంకొక్క షాట్' అన్న రాత్రులున్నాయి. నా అసిస్టెంట్లు ఎలా ఇల్లు చేరారో అడగలేదు. అది తప్పు. కెమెరా డిపార్ట్‌మెంట్ పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ రాత్రి నుంచే అడగండి. నువ్వు మాత్రం ఆ మత్తులో బైక్ ఎక్కకు. కెమెరా వ్యాన్‌లోనే రెండు గంటలు పడుకో. నీ కెమెరామన్‌తో ఒంటరిగా కాకుండా, మీ టీమ్ నలుగురూ కలిసి మాట్లాడండి.

ప్రశ్న: ఏ సంఘంలోనూ తెలిసినవాళ్లు లేరు. ఇంట్లో కూర్చుని ఏం నేర్చుకోగలం?
– డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: చాలా నేర్చుకోవచ్చు. ఏఎస్‌సి వాళ్లు 1920 నుంచి 'అమెరికన్ సినిమాటోగ్రాఫర్' పత్రిక నడుపుతున్నారు. ఏ సీన్‌కి ఏ లైటు ఎక్కడ పెట్టారో కెమెరామన్లే అందులో విడమర్చి చెబుతారు. ఇంగ్లిష్ కష్టమైతే నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకి ఒక పేజీ చదువు.

ఇంకోటి. మార్కస్ బార్ట్లీ గారు విజయా వారికి తీసిన నలుపు తెలుపు సినిమా ఏదైనా తీసుకో. సౌండ్ ఆపి, రోజుకి ఒక్క షాట్ చూడు. వెలుగు ఎటునుంచి వస్తోంది, ముక్కు నీడ ఎటు పడింది, కళ్లలో మెరుపు చుక్క ఎక్కడుంది, వెన్నెల సీన్‌లో వెనక గోడ ఎంత చీకటిగా ఉంది – నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాసుకో. పది పేజీలయ్యాక పత్రిక చిరునామాకి పంపు. చూసి, తప్పులు దిద్ది తిరిగి పంపిస్తాను.