రిజిస్ట్రేషన్ ఆగిందని కంగారుపడి డబ్బు ఇచ్చేయకండి

అగ్రిమెంటు అయింది, లోన్ శాంక్షన్ అయింది, కానీ రిజిస్ట్రేషన్ ప్రతిసారీ సరిగ్గా ముందురోజు ఆగిపోతోంది, మొదటి ఇల్లు కాబట్టి భయంగా ఉంది, ఏం చేయాలి అని అడిగారు. నేను చెప్పేది ఒక్కటే. తేదీ వెనక్కి జరిగితే జరగనివ్వండి, రిజిస్ట్రార్ ముందు సంతకాలు పడేదాకా మిగతా డబ్బు మాత్రం మీ చేయి దాటనివ్వకండి. తేదీ జరిగినందువల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. తొందరపడి ముందే డబ్బు ఇచ్చేసి ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు మాత్రం మా చుట్టాల్లోనే ఉన్నారు.

మాది నెల్లూరు. వేదాయపాళెంలో ఒక పెద్దాయన దగ్గర పాత డాబా ఇల్లు కొన్నాం. స్థలం 18 అంకణాలు. ఇక్కడ స్థలం అంటే అంకణాల్లోనే మాట్లాడుకుంటాం, అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క అది. అయితే తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులే. మా పని మొత్తం ఆగింది అక్కడే.

మరుసటి రోజు పొద్దున రిజిస్ట్రేషన్. చలానా కట్టేశాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం అంటే మాలాంటివాళ్లకు చిన్న డబ్బు కాదు. నేను ఆ పూట చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను, బ్యాంకు నుంచి ఫోను. "చెక్కు ఆపేశాం మేడం. పాత లింకు డాక్యుమెంటు ప్రకారం స్థలం 72 గజాలే, మా వాల్యుయేషన్ రిపోర్టులో 144 ఉంది, తేడా తేలేదాకా ఇవ్వలేం" అన్నారు. చివరి పరిశీలనకు ఫైలు తిరుపతి వైపు లాయరు దగ్గరకు వెళ్లిందట. ఆయన అలవాటు ప్రకారం అంకణానికి నాలుగు గజాల లెక్క వేశాడు. లింకు డాక్యుమెంటు అంటే ఇంతకుముందటి అమ్మకపు దస్తావేజు. అందులో హద్దులు, అంకణాలు రాసి వదిలేశారు, అడుగుల్లో కొలతలు లేవు. అదే లాయరు నెల్లూరు వాడైతే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

రాత్రి ఎనిమిదింటికల్లా మధ్యవర్తి ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇంకో పార్టీ రెడీగా ఉందని, పెద్దాయన కొడుకు బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడని, బ్యాంకు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బ్యాలెన్సులో సగమైనా ఇచ్చి మాట నిలబెట్టుకోండని ఒకటే పోరు. మా ఆయన టెన్షన్‌లో రెండు రూపాయల వడ్డీకి ఎవరో ఇస్తారని ఫోను కూడా తీశాడు. నేను ఒప్పుకోలేదు. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోదు. ఆస్తి బదిలీ చట్టం 1882లో 54వ సెక్షన్ ఈ మాట తేటతెల్లంగా చెబుతుంది, అమ్మకపు అగ్రిమెంటు దానంతట అది ఆస్తి మీద హక్కు ఇవ్వదు. అలాంటప్పుడు సగం ఇచ్చినా, మొత్తం ఇచ్చినా చేతిలో ఉండేది కాగితమే కదా.

మధ్యవర్తిని పక్కన పెట్టి ఆ రాత్రే నేరుగా పెద్దాయన దగ్గరకు వెళ్లాం. ఇది అందరికీ చెబుతాను, మధ్యలో మనుషుల నోటితో మాట్లాడుకుంటే సగం గొడవలు అక్కడే పుడతాయి. ఆయనకు డబ్బు తొందర కన్నా అవమానం ఎక్కువగా ఉంది. "ఏందమ్మణ్ణీ ఇది, మా నాయన కొన్నకాడినుంచి ఇది పద్దెనిమిది అంకణాలే గదా, ఇప్పుడొచ్చి సగం అంటే ఎట్టా?" అన్నాడు. "మీరేం బాధపడబాకండి బాబాయ్, తప్పు మీదీ కాదు, మాదీ కాదు" అని చెప్పి, అగ్రిమెంటు వెనక పేజీలోనే కొత్త గడువు రాసి, బ్యాంకు పరిశీలన వల్ల ఆలస్యమైందని ఒక ముక్క చేర్చి, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాను. ఇంకో పార్టీ సంగతి అడిగితే, అలాంటివాళ్లెవరూ తన దగ్గరకు రాలేదన్నాడు.

లెక్క తేల్చింది పక్కింటి పెద్దమ్మ. వాళ్ల స్థలం కూడా అదే పాత యజమాని దగ్గర కొన్నదే. ఇనప్పెట్టెలోంచి, కలరా ఉండల వాసనతో, గుడ్డలో చుట్టిన దస్తావేజు తీసి నా ముందు పెట్టింది. అందులో అంకణాలు, గజాలు రెండూ రాసి ఉన్నాయి, ఒక్కో అంకణానికి సరిగ్గా 8 గజాలు. దాని నకలు, లైసెన్సు ఉన్న సర్వేయరు కొలిచి ఇచ్చిన ప్లాను (36 అడుగులకు 36 అడుగులు, అంటే 1296 చదరపు అడుగులు), పెద్దాయన అఫిడవిట్టు, ఈ మూడూ ఇచ్చాక లాయరు ఒపీనియన్ మార్చి రాశాడు. చెక్కు వచ్చింది.

రిజిస్ట్రేషన్ రోజున కూడా పని సాఫీగా నడవలేదు. పొద్దున సర్వర్ లేదన్నారు. అది వచ్చేసరికి పెద్దాయన వేలిముద్ర పడలేదు. జీవితమంతా సేద్యం చేసిన చేయి అది, వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఆపరేటరు అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డతో తుడిపించి ఒక్కో వేలూ పెట్టించింది, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు తీసుకుంది. మీకు అమ్మేవాళ్లు కూడా వయసు మళ్లినవాళ్లైతే ఈ సంగతి ముందే గుర్తుంచుకోండి. లేవలేని స్థితిలో ఉంటే, తగిన కారణం చూపించి అర్జీ పెట్టుకుంటే రిజిస్ట్రారే ఇంటికొచ్చి రిజిస్టర్ చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 1908లో 31వ సెక్షన్ కింద ఉంది.

ముహూర్తాల గురించి కూడా చెప్పాలి. రిజిస్ట్రేషన్ కాకముందే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి, పత్రికలు పంచేసి, వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆషాఢం వచ్చేస్తోంది, మూఢం వచ్చేస్తోంది అని ఇంట్లో పెద్దవాళ్లు తొందరపెడతారు, మధ్యవర్తులు ఆ తొందర పసిగట్టి మన మెడ మీద కూర్చుంటారు. పెళ్లికి పిలిచినట్టు "గృహప్రవేశం ఎప్పుడమ్మా" అని అడిగే చుట్టాలకు నేను ఒకటే చెప్పాను, డాక్యుమెంటు నంబరు వచ్చాక చెబుతానని. అత్తగారు కొంచెం నొచ్చుకున్నారు, పర్వాలేదు.

డాక్యుమెంటు రైటర్ల మీదా నాకు కోపమే. పాత దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయడం తప్ప, ఒక్క వాక్యం ఎక్కువ రాయమంటే "అవసరం లేదమ్మా" అంటారు. నేను పట్టుబట్టి "అంకణం 1కి 8 చదరపు గజాల వంతున 18 అంకణాలు, అనగా 144 చదరపు గజాలు" అని రాయించాను, నాలుగు వైపులా అడుగుల కొలతలతో సహా. రేపు మా పిల్లలు అమ్ముకోవాలన్నా, లోను పెట్టుకోవాలన్నా ఈ తిప్పలు ఉండకూడదు.

ఇక మీ సంగతి. ఆగడానికి కారణం ఏమిటో నోటిమాటగా కాకుండా బ్యాంకు నుంచి మెయిల్లో తెప్పించుకోండి. గడువు పెంపు కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే అమ్మేవాళ్లు మొండికేసి మీరు కోర్టుకు వెళ్లాల్సి వస్తే, గడువు తేదీ నుంచే కేసు వేయడానికి ఉన్న మూడేళ్ల లెక్క మొదలవుతుంది. దస్తావేజు మీద సంతకాలు అయిపోయాక సర్వర్ వల్ల ఆగితే అసలు భయపడక్కర్లేదు, సంతకం తేదీ నుంచి 4 నెలల్లోపు దాఖలు చేయొచ్చు. ఇంటి ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని కట్టే ఆదాయపన్ను) కట్టాల్సింది కొనేవాళ్లే, ఆ మొత్తం చెక్కులో తగ్గించారో లేదో చూసుకోండి. వాయిదా పడిన ప్రతిసారీ కొత్త ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, ఆ మధ్యకాలంలో ఆస్తి మీద ఏదైనా తాకట్టు రిజిస్టర్ అయిందా అన్నది అందులో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. మీ పని ఏ కాగితం దగ్గర ఆగిందో ప్రశ్నలో రాయలేదు. లింకు డాక్యుమెంటులోని కొలతల గురించే అయితే, అందులో ఏం రాసి ఉందో ఇక్కడే కింద పెట్టండి, చూసి చెబుతాను.