పని దినాలు తగ్గినా దినవేతనం తగ్గనివ్వకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్ బాలానగర్‌లో 14 మంది పనిచేసే ఒక చిన్న మెషిన్ షాపులో నాలుగేళ్ల నాలుగు నెలలుగా లేత్ ఆపరేటర్‌గా ఉన్నాను. నెలకు 26 రోజుల పనికి 19,500 రూపాయలు వచ్చేవి. ఆర్డర్లు తగ్గాయని, ఈ నెల నుంచి 16 రోజులే పని ఉంటుందని, ఆ రోజులకే జీతం ఇస్తామని ఓనరు గారు చెప్పారు. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టి నెలకు 5,000 సంపాదిస్తుంది. మాకు ఇద్దరు పిల్లలు. అద్దె 6,000, సరుకులు, పాలు, గ్యాస్‌కు 5,500, బండి కిస్తీ 2,600, చిట్టీకి 2,500, కరెంటుకు, ఫోన్లకు 900, పెట్రోలుకు 1,200, ఊళ్లో అమ్మకు 1,000 అవుతాయి. ఎల్‌ఐసీకి మూడు నెలలకోసారి 3,000 కట్టాలి. బండికి ఇంకా తొమ్మిది కిస్తీలున్నాయి. చిట్టీ 50,000 రూపాయలది, ఇరవై వాయిదాల్లో పదకొండు కట్టాను, ఇంకా పాడలేదు. రెండు నెలల్లో స్కూలు ఫీజు 9,000 కట్టాలి. బ్యాంకులో 24,000, ఇంట్లో మూడు తులాల బంగారం ఉన్నాయి. తెలిసినవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? చిట్టీ మానేయాలా? ఉద్యోగమే మానేసి వేరే చోట చూసుకోవాలా?

జవాబు: మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే మీరు అడగని ఒక విషయం ఈ మూడింటికంటే ముఖ్యమైనది కనుక ముందు దాని గురించి చెప్పాలి. మీ యజమాని తగ్గించినది పని దినాలనా, లేక మీ జీతం రేటునా? ఈ నెల చేతికి వచ్చే డబ్బు రెండు విధాలా ఒకటే కావచ్చు గానీ, రాబోయే రోజుల్లో మీకు దక్కవలసిన వాటి విషయంలో ఆ తేడా చాలా పెద్దది. 19,500ను 26తో భాగిస్తే మీ దినవేతనం 750 రూపాయలు. పదహారు రోజులకు 12,000 వస్తాయి. పే స్లిప్పులో "దినవేతనం 750, పనిచేసిన రోజులు 16" అని ఉంటే మీ రేటు చెక్కుచెదరనట్లే. అదే "నెల జీతం 12,000" అని కొత్తగా రాసి మీ చేత సంతకం చేయించుకుంటే, ఆర్డర్లు మళ్లీ వచ్చిన రోజున కూడా బేరం 12,000 దగ్గరే మొదలవుతుంది.

పది మందికి పైగా పనిచేసే సంస్థ కనుక మీకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇవ్వవలసిన మొత్తం, వర్తిస్తుంది. ఐదేళ్లు నిండాక, ఆఖరున తీసుకున్న నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నింతలు ఇవ్వాలి. మీ జీతమంతా మూలవేతనం, కరువు భత్యం కిందే ఉన్నదనుకుంటే, 19,500 రేటు మీద ఏడాదికి 11,250 చొప్పున ఐదేళ్లకు 56,250 రూపాయలు అవుతుంది. రేటు 12,000కు మారిపోతే అదే ఐదేళ్లకు సుమారు 34,600 మాత్రమే. ఒక్క సంతకంతో 21,600 రూపాయలు పోతాయన్నమాట. పైగా ఐదో ఏడు నడుస్తున్న ఈ ఎనిమిది నెలలూ మీకు కీలకం. సర్వీసు తెగకుండా సాగిందా లేదా అనే వివాదం వస్తే ఏడాదిలో 240 రోజుల పని లెక్క ముందుకు వస్తుంది, నెలకు 16 రోజుల చొప్పున ఏడాదికి 192 రోజులే అవుతాయి. పనివాడి తప్పు లేకుండా ఆగిన పనిని, లే ఆఫ్‌ను (పని లేక సంస్థ తాత్కాలికంగా పని ఇవ్వకపోవడాన్ని) చట్టం సర్వీసులో తెగుదలగా చూడదు. కానీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఆ పది రోజులకూ మీ పేరుకు ఎదురుగా ఆబ్సెంటు అని పడితే, పని ఇవ్వనిది సంస్థ అని ఋజువు చేసుకోవలసిన భారం తర్వాత మీ మీద పడుతుంది.

అందువల్ల ఈ వారంలోనే ఓనరు గారిని కలిసి, ఆయన లెటర్‌హెడ్ మీద ఒక చిన్న కాగితం అడగండి. ఆర్డర్లు తగ్గిన కారణంగా ఫలానా తేదీ నుంచి వారానికి ఇన్ని రోజులే పని ఇస్తున్నామని, దినవేతనం 750 రూపాయల్లో మార్పు లేదని, పని లేని రోజులు సంస్థ కారణంగా ఏర్పడినవేనని, ఫలానా తేదీన పరిస్థితిని మళ్లీ సమీక్షిస్తామని అందులో ఉంటే చాలు. కాగితం ఇవ్వడానికి ఆయన సంకోచిస్తే, ఇవే మాటలు మీరు వాట్సాప్‌లో మర్యాదగా రాసి, మీరు చెప్పినది ఇలాగే అర్థం చేసుకున్నానని పంపండి. ఆయన నుంచి వచ్చే జవాబు కూడా ఆధారంగా పనికివస్తుంది.

లే ఆఫ్ రోజులకు సగం జీతం ఇవ్వాలి కదా అని మీ తోటివారు ఎవరైనా అనవచ్చు. ఆ నిబంధన సగటున 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే పారిశ్రామిక సంస్థలకే వర్తిస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ పరిమితి అలాగే ఉంది. 14 మంది ఉన్న మీ షాపు దాని కిందికి రాదు. రాని డబ్బును లెక్కలో వేసుకోకపోవడం మంచిది.

కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ విషయానికి వస్తే, మీ వేతనం 21,000 లోపే కనుక మీరు ఇప్పటికే అందులో ఉండాలి. జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకు, ఏడాదిలో 91 రోజుల వరకు, వేతనంలో 70 శాతం ఇస్తారు. మీ దినవేతనం మీద అది రోజుకు 525 రూపాయలు. ఇది దక్కాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు గాని, అక్టోబరు నుంచి మార్చి వరకు గాని ఉన్న ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండాలి. నెలకు 16 రోజులంటే ఆరు నెలలకు 96 కనుక ఇప్పటికి ఇబ్బంది లేదు. రేపు పని ఇంకా తగ్గించవలసి వస్తే, ఆరు నెలలూ అలాగే సాగేట్టయితే, నెలకు 13 రోజులకు దిగకుండా చూడమని అడగండి, ఎందుకంటే పదమూడు ఆరులు సరిగ్గా డెబ్బై ఎనిమిది. ఈ లెక్క చాలా మంది చిన్న యజమానులకు తెలియదు. చెబితే సాధారణంగా కాదనరు.

ఇప్పుడు ఇంటి లెక్కకు వద్దాం. మీకు 7,500 తగ్గింది కనుక 7,500 లోటు అనుకుని భయపడుతున్నట్లున్నారు. మీరిచ్చిన అంకెలను కూడితే, ఎల్‌ఐసీని నెలకు 1,000గా వేసుకున్నా, నెల ఖర్చు 20,700. ఈఎస్‌ఐ చందా 0.75 శాతం పోగా ఇదివరకు ఇద్దరి సంపాదన 24,354, ఇకపై 16,910. అంటే నికరమైన లోటు 3,790 మాత్రమే. పది రోజులు బండి తీయరు కనుక పెట్రోలులో మరో 450 తగ్గుతుంది, లోటు 3,340 దగ్గర ఆగుతుంది. ఇదివరకు నెలకు మిగిలిన 3,650 రూపాయలే ఫీజులకూ పండగలకూ ఆదుకునేవి. ఆ మిగులు పోయిందనేది నిజమే గానీ, ఇల్లు గడవని స్థితి ఇంకా రాలేదు. బ్యాంకులోని 24,000లో 9,000 స్కూలు ఫీజుకు తీసి పక్కన పెడితే మిగిలే 15,000, మీరు పైసా అదనంగా సంపాదించకపోయినా, నాలుగు నెలలకు పైగా ఈ లోటును మోయగలదు.

అందుకే నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు వద్దని గట్టిగా చెబుతున్నాను. యాభై వేలకు నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీయే కట్టాలి, అసలు అలాగే ఉంటుంది. 3,340 లోటును పూడ్చుకోవడానికి తెచ్చిన అప్పు ఆ లోటును 4,840కి పెంచుతుంది. చేతిలో ఒక్కసారిగా యాభై వేలు ఉన్నప్పుడు ఖర్చు అదుపులో ఉండదన్నది కూడా నేను ఎన్నో కుటుంబాల్లో చూశాను. తప్పనిసరి అవసరమే వస్తే, ఒక తులం మీద బ్యాంకులో అవసరమైనంత వరకే తీసుకోండి. ఏడాదికి 9 శాతం వడ్డీ అంటే నూటికి నెలకు ముప్పావలా, బయటి వడ్డీలో నాలుగో వంతు. మూడు తులాలూ ఒకేసారి కుదువ పెట్టకండి.

చిట్టీ మానేయకండి. పదకొండు వాయిదాలు కట్టిన పాడని చిట్టీ మీ సొంత పొదుపు, మధ్యలో ఆపితే డివిడెండూ పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రావడమూ ఆలస్యమవుతుంది. అయితే అది 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీయా, లేక బస్తీలో నమ్మకం మీద నడిచేదా అన్నది మీరు రాయలేదు. రిజిస్టరైనదైతే తొందరపడి ఎక్కువ తగ్గింపుకు పాడకండి, మూడు నెలలు ఆగి, బ్యాంకు నిల్వ 5,000కు దిగుతుందనిపించినప్పుడు పాడండి. పాడాక డబ్బు తీసుకోవాలంటే జామీనుదారులను, జీతం కాగితాలను అడుగుతారు కనుక, ఎవరు జామీను ఉంటారో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. నమ్మకం మీద నడిచే చిట్టీ అయితే నా సలహా వేరు. కొంచెం నష్టమైనా వచ్చే ఒకటి రెండు పాటల్లోనే తీసేసుకుని, ఆ డబ్బును విడి ఖాతాలో పెట్టి, మిగిలిన వాయిదాలను అందులో నుంచే కట్టండి.

మీ చేతికి కొత్తగా వచ్చినది నెలకు పది ఖాళీ రోజులు, వాటి విలువ మీ లెక్కలో ఎక్కడా కనబడలేదు. లేత్ పని తెలిసిన చేతికి జీడిమెట్లలోనూ చర్లపల్లిలోనూ రోజుకూలీ మీద పని దొరకడం అసాధ్యం కాదు, కానీ రేపు వస్తావా అని ఎవరైనా అడిగితే వస్తానని మీరు ఖచ్చితంగా చెప్పగలగాలి. ఏ రోజు పని ఉంటుందో ఆ పొద్దున ఫోన్ చేసి చెబుతామనే పద్ధతిలో అయితే ఆ పది రోజులూ ఎందుకూ కొరగాకుండా పోతాయి. కనుక సోమవారం నుంచి గురువారం వరకు నాలుగు రోజులు ఇక్కడ, మిగతా రోజులు పూర్తిగా మీవి అనే ఏర్పాటును ఓనరు గారితో మాట్లాడుకోండి. జీతం పెంచమనడం కంటే ఆయనకు ఇది సులువైన కోరిక, మీకు మాత్రం దాని విలువ చాలా ఎక్కువ. రోజుకు 700 చొప్పున ఐదు రోజులు దొరికినా 3,500 వస్తాయి, పెట్రోలు పోను లోటు దాదాపుగా పూడిపోతుంది. షాపు రహస్యంగా భావించే డ్రాయింగుల పని గాని, ఆయన కస్టమర్ల పని గాని బయట చేయకండి, వేరే చోటికి వెళుతున్న సంగతి ఆయనకు ముందే చెప్పండి.

ఉద్యోగం మానేయడం గురించి. కొత్త పని చేతిలో లేకుండా మానవద్దు. ఇదే జీతానికి పూర్తి పని దొరికితే మాత్రం లెక్క వేసి చూడాలి. బయట పని ఏమీ దొరకకుండా మరో ఎనిమిది నెలలు ఇక్కడే ఉంటే మీరు వదులుకునేది 60,000 రూపాయలు, అది వచ్చే గ్రాట్యుటీ కంటే ఎక్కువ. బయట నెలకు 3,500 సంపాదిస్తూ ఉండగలిగితే వదులుకునేది 32,000, అప్పుడు ఐదేళ్లు నిండేదాకా ఉండటమే లాభం. కాకపోతే ఆ 56,250 ఇవ్వవలసినది ఆర్డర్లు లేని ఒక చిన్న షాపు. జీతాలే నెలనెలా ఆలస్యం అవుతున్నాయంటే గ్రాట్యుటీ ఆశతో ఆగకండి, దొరికిన మొదటి మంచి ఉద్యోగంలో చేరండి.

చిన్న విషయాలు రెండు మూడు. బండి కిస్తీ తేదీ జీతం రోజుకు ముందు పడుతుంటే, ఫైనాన్సు కంపెనీకి వెళ్లి తేదీ మార్పించుకోండి, ఎందుకంటే కిస్తీ తిరిగివస్తే బ్యాంకు ఒక జరిమానా, కంపెనీ మరొకటి వేస్తాయి. బాకీ 90 రోజులు దాటితే మొండి ఖాతా అవుతుంది. ఎల్‌ఐసీని మూడు నెలల పద్ధతిలోనే ఉంచండి, దానికి 30 రోజుల గడువు ఉంటుంది, నెలవారీకి మారితే 15 రోజులే. బ్యాంకులో 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమాలు ఉంటే ప్రతి మే నెలాఖరున ఆ మేరకు నిల్వ ఉంచండి. అమ్మకు పంపే వెయ్యి ఆపకండి, ఆమె మందులు ఆగితే వచ్చే ఖర్చు అంతకంటే పెద్దది. స్కూలు ఫీజును రెండు భాగాలుగా కడతామని గడువుకు నెల ముందే వెళ్లి అడగండి, గడువు దాటాక అడిగితే ఒప్పుకోవడం కష్టం.

ఓనరు గారు రాసిచ్చిన సమీక్ష తేదీ మూడు నెలలకు మించకుండా చూసుకోండి. ఆ రోజుకు పని దినాలు కనీసం ఇరవైకి పెరగకపోతే, ఖాళీ రోజుల్లో పనిచేసిన షాపుల్లోనే పూర్తికాల ఉద్యోగం అడగడం మొదలుపెట్టండి.